కోర్టు సీన్‌కి చప్పట్లు కొట్టాం, మరి వాకపల్లి సంగతి?

2025 మార్చిలో 'కోర్ట్' సినిమా జగదాంబ దగ్గర హాల్లో చూశాను. కథ మన వైజాగ్‌లోనే, 2013లో, ఒక పేద కుర్రాణ్ణి పోక్సో కేసులో (మైనర్ల మీద లైంగిక నేరాల చట్టం) ఇరికిస్తారు, ఒక జూనియర్ లాయర్ కష్టపడి బయటికి తెస్తాడు, తీర్పు వస్తుంటే హాలంతా చప్పట్లు, పక్క సీట్లో పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ కొట్టాను. కానీ బయటికొచ్చి బండి తీస్తుంటే ఇంకో తీర్పు గుర్తొచ్చింది, అదీ ఈ ఊళ్ళోనే, 2023 ఏప్రిల్ 6న ఎస్సీ ఎస్టీ కేసుల స్పెషల్ కోర్టులో ఇచ్చింది. నాతో వచ్చిన కుర్రాణ్ణి అడిగితే వాకపల్లి అంటే ఎక్కడన్నా అన్నాడు.

జి.మాడుగుల మండలంలో ఉంది వాకపల్లి, అప్పట్లో మన జిల్లానే, ఇప్పుడు అల్లూరి జిల్లా. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ (నక్సలైట్ల కోసం పెట్టిన ప్రత్యేక దళం) పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన ఆడవాళ్ళు బయటికొచ్చి చెప్పారు. కేసు నిలబెట్టుకోడానికే ఏళ్ళు పట్టింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2017లో విచారణ జరగాల్సిందేనని అక్కడ తేలింది, 2018లో గానీ మొదలవలేదు. చివరికి 13 మంది పోలీసులూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఎందుకంటే దర్యాప్తు చేసినవాళ్ళు దర్యాప్తు సరిగ్గా చేయలేదు, ఆ మాట అన్నది కోర్టే. అదే తీర్పులో ఆ ఆడవాళ్ళకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి ఒకసారి.

మన సినిమాల మీద నా కంప్లైంట్ ఇక్కడే. దెబ్బలు చూపిస్తారు, తీర్పు చూపిస్తారు, మధ్యలో కేసు ఎక్కడ చచ్చిపోతుందో అది మాత్రం చూపించరు. ఎఫ్ఐఆర్ ఎన్ని రోజులు లేటు, మెడికల్ రిపోర్ట్‌లో ఏం రాశారు, నిందితుల్ని గుర్తుపట్టే పరేడ్ పెట్టారా లేదా, ఇవన్నీ బోర్ కొట్టే విషయాలే, కానీ కేసు గెలిచేదీ ఓడేదీ వీటి మీదే. 'కోర్ట్'లో మంగపతి లాంటి ఒక్క విలన్ ఉంటాడు, వాడు ఓడిపోతే మన మనసు తేలికైపోద్ది, వాకపల్లి కేసులో అలా చూపించి తిట్టుకోడానికి మంగపతి ఎవడూ లేడు.

తమిళంలో 'జై భీమ్' కొంచెం ముందుకెళ్ళింది, స్టేషన్ రికార్డులు, అబద్ధం సాక్ష్యాలు ఎలా తయారవుతాయో విప్పి చూపించింది. కానీ అక్కడా టైమ్ దగ్గర తడబాటే. అసలు కేసు 1993 నాటిది, పోలీసుల చేతిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకావిడది, ఆ పోలీసులకి మద్రాస్ హైకోర్టు శిక్ష వేసేసరికి 2006, మనం రెండున్నర గంటల్లో చూసేస్తాం. ఆ పదమూడేళ్ళు ఆ ఇల్లాలు ఎలా బతికిందో అదే ఒక సినిమా.

నన్ను నిద్ర పట్టనివ్వనిది మాత్రం తమిళ దర్శకుడు వెట్రిమారన్ తీసిన 'విసారణై'. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ చంద్రకుమార్ 1980ల్లో గుంటూరు లాకప్‌లో పడ్డ నరకాన్ని తనే పుస్తకంగా రాసుకున్నాడు, సినిమాకి మూలం అది. 2015లో వెనిస్‌లో ఆమ్నెస్టీ ఇటలీ వాళ్ళ అవార్డు కూడా వచ్చింది. అందులో కూలి పనికొచ్చిన తమిళ కుర్రాళ్ళని చావగొట్టే పోలీసులు తెలుగులో తిడుతుంటారు, మన భాష ఆ కుర్రాళ్ళ చెవుల్లో ఎలా పడుతుందో విన్నాక నాకు చాలా సిగ్గేసింది. ఆ కథ జరిగింది మన నేల మీద, తీసింది మాత్రం పొరుగువాళ్ళు.

మనం ఏం తీశాం? లాఠీ పట్టుకున్న హీరోలని తీశాం, ఎన్‌కౌంటర్‌కి విజిల్స్ వేశాం. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చేసినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, అచ్చం హాల్లో కాగితాలు చల్లినట్టే. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ చావాలనే కాల్చారని తేల్చింది, చచ్చిపోయిన వాళ్ళలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. అప్పటికి పూలు చల్లినవాళ్ళు ఎవరూ ఆ వార్త చదివే మూడ్‌లో లేరు. ఆ ఆడపిల్లకి జరిగిన ఘోరానికి నాకూ రక్తం మరిగింది, కానీ తప్పు చేశారో లేదో కోర్టులో తేలకముందే చంపేస్తే దానికి న్యాయం అని పేరు పెట్టడం మనకి నేర్పింది సినిమాలే అని గట్టిగా నమ్ముతున్నాను. అందరికీ కోపం వస్తుంది ఈ మాటంటే, రానీండి.

వాకపల్లి మీద సినిమా ఎవరైనా తీస్తే ఆ ఉదయం గురించి ఒక్క సీన్ కూడా తీయొద్దని అడుగుతాను, ఆ ఆడవాళ్ళని మళ్ళీ తెర మీద అవమానించినట్టే అవుద్ది. మిగతా దాదాపు 15 ఏళ్ళ 8 నెలలు తీయండి. కొండ దిగి పాడేరు మీదుగా బస్సులో వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి రావడం, కోర్టు వరండాలో బంట్రోతు పేరు పిలిచేదాకా నిలబడటం, వాయిదా పడిందంటే ఎందుకో ఎవరూ చెప్పకపోవడం, చీకటి పడేలోపు మళ్ళీ బస్సు ఎక్కడం.