పాట మనది, పద్దు వారిది

ఇష్టమైన పాత పాటలను పదిమందికీ పంచేవారి సమాజసేవను ప్రభుత్వాలు ఇంకా గుర్తించలేదు. ముఖ్యంగా 1950ల నాటి అమెరికా డూ-వాప్ పాటల అభిమానుల త్యాగం ఎనలేనిది. వాయిద్యాలు కొనే స్తోమత లేని నల్లజాతి కుర్రాళ్లు ఎందరో వీధి మలుపుల్లో నిలబడి, ఒకరు పాడుతుంటే మిగిలినవారు నోటితోనే వాద్య సహకారం అందించి నిలబెట్టిన సంగీతమది. దాన్ని పంచేటప్పుడు "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చాలి. ఆ రోజుల్లో ఏం జరిగిందని అడగడం మాత్రం మర్యాద కాదు.

నిట్టూర్చడానికి పాట మరీ పాతబడనక్కరలేదు. లాస్ ఏంజెలెస్‌లోని ఒక గ్యారేజీలో, పక్కింటి కుక్క మొరిగినప్పుడల్లా ఆపి మళ్లీ మొదలుపెడుతూ, పెంగ్విన్స్ బృందం "ఎర్త్ ఏంజెల్" పాడింది 1954లో. 1959కల్లా అది "ఓల్డీస్ బట్ గూడీస్" ఆల్బమ్‌లోకి ఎక్కి పాత బంగారమైపోయింది. ఈలోగా కెనడా తెల్లవారి బృందం క్రూ కట్స్ అదే పాట పాడి, పాప్ హిట్ల జాబితాలో అసలువారికంటే పైమెట్టున కూర్చుంది. సొమ్మొకడిది, సోకొకడిది అని కొందరు నొచ్చుకుంటారు. వ్యాపారానికి అంత సున్నితత్వం పనికిరాదు.

డ్రిఫ్టర్స్ అనే బృందాన్నే చూడండి. ఆ పేరు మేనేజరు జార్జ్ ట్రెడ్‌వెల్ సొత్తు. 1958లో ఆయన బృందం మొత్తాన్ని ఇంటికి పంపి, ఫైవ్ క్రౌన్స్ అనే వేరే బృందాన్ని తెచ్చి డ్రిఫ్టర్స్‌ను చేశాడు. మెస్సు బోర్డు ఉంచి వంటవాళ్లను మార్చినట్టు. మరుసటి ఏడాదే పెద్ద హిట్టు కూడా వచ్చింది. ఇలాంటి పేర్ల తగువులు తీర్చడానికి 2005 నుంచి అమెరికాలోని పలు రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి: వేదికపై పాత రికార్డులో పాడినవారు ఒకరైనా ఉండాలి, లేదా పేరుపై ట్రేడ్‌మార్కు ఉండాలి. గొంతు లేకపోయినా కాగితం ఉంటే చాలన్నమాట. చట్టమంటే అలా ఉండాలి.

ఇటీవల కొందరు పాటతో పాటు కర్తల పేర్లూ చెప్పాలంటున్నారు. ఇది ప్రమాదకరం. పదమూడేళ్ల ఫ్రాంకీ లైమన్, టీనేజర్స్ బృందం పాడిన 1956 నాటి "వై డు ఫూల్స్ ఫాల్ ఇన్ లవ్" సంగతే తీసుకుందాం. రచయితల పేర్లలో రికార్డు కంపెనీ యజమాని మోరిస్ లెవీ పేరు చేరింది. బృందంలోని హెర్మన్ శాంటియాగో, జిమ్మీ మర్చంట్ కూడా రచయితలేనని 1992లో జ్యూరీ తేల్చింది. దావా వేయడానికి గడువు మూడేళ్లేనని, ఆలస్యంగా వచ్చారని 1996లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఇరవై అయిదేళ్లకే కన్నుమూసిన లైమన్‌కు భార్యలమంటూ ముగ్గురు కోర్టుకెక్కారు. అందులో ఒకరు ప్లాటర్స్ అనే మరో బృందం గాయని.

ఇవన్నీ చెప్పుకుంటూ పోతే పాట ఎప్పుడు వినాలి? దాని నిడివి రెండు నిమిషాల చిల్లర.