టెయిల్‌గేట్‌లో గ్రిల్ మీద ముందు కూరగాయలు పెట్టండి

సెప్టెంబర్ వచ్చిందంటే మా టెక్సస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ హడావుడి మొదలు. మ్యాచ్‌కి మూడు నాలుగు గంటల ముందే స్టేడియం పార్కింగ్‌కి చేరిపోయి, పికప్ ట్రక్కు వెనక రెక్క కిందికి దించి, టెంటు వేసి, గ్రిల్ వెలిగించి అందరూ కలిసి తినడమే టెయిల్‌గేట్. జాతరలా ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ అక్కడ కూరగాయల్ని చూసే పద్ధతి మాత్రం అస్సలు బాగాలేదు.

పోయినేడు అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మావాడి కాలేజీ మ్యాచ్‌కి తీసుకెళ్లాం. అమ్మ మాంసం ముట్టదు. బేక్డ్ బీన్స్ కనిపిస్తే, చిక్కుడు గింజలే కదా అని నేనే రెండు గరిటెలు ప్లేట్లో వేసిచ్చాను. చెంచాతో కలపగానే బేకన్ ముక్క, అంటే పంది మాంసం, పైకి తేలింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ప్లేటు మెల్లగా కుర్చీ కింద పెట్టేసి సాయంత్రం దాకా చిప్స్ తింటూ కూర్చుంది. బల్ల మీద కూరగాయలంటే ఇంకొక్క ప్లాస్టిక్ ట్రే, అందులో పచ్చి బ్రకోలీ, సెలరీ, ఎండకి పైన తెల్లగా పొట్టు కట్టిన క్యారెట్లు, మధ్యలో వేడెక్కిపోయిన రాంచ్, అంటే ముంచుకు తినే తెల్లటి సాస్. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది చూసి 'టెయిల్‌గేట్‌లో కూరగాయలు ఎవరు తింటారండీ' అంటారు, అలా పెడితే ఎవరు తింటారు?

అప్పట్నుంచి మా గ్రూపులో నేను పట్టుబట్టి పెట్టిన పద్ధతి ఒకటే, గ్రిల్ శుభ్రంగా ఉన్నప్పుడే, మాంసం ఎక్కకముందే, కూరగాయలు కాల్చేయాలి. శాకాహారులకి నిశ్చింత, పచ్చిమాంసం రసం అంటుకునే భయం ఉండదు, పైగా అందరూ ఆకలి మీద ఉంటారు కాబట్టి ముందు ఏది దిగితే అదే తింటారు. మా వాళ్లలో నలభై దాటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల ప్లేటులో సగం కూరగాయలతో నిండాకే బర్గర్ వంతు రావాలని నా గట్టి కోరిక.

బెండకాయ సంగతి చెప్పాలి. టెక్సస్ వేసవిలో ఇది బాగా పండుతుంది, ఇక్కడివాళ్లకీ కొత్త కాదు, కాకపోతే ఎక్కువగా పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. మీరు లేతవి తెచ్చి కడిగి బాగా తుడవండి, తడి ఉండకూడదు. తొడిమ కోయొద్దు, కోస్తే జిగురు బయటికొస్తుంది. వెదురు పుల్లలు అరగంట నీళ్లలో నానబెట్టి, కాయల్ని అడ్డంగా పేర్చి రెండేసి పుల్లలు గుచ్చండి, నిచ్చెనలా. ఒక్క పుల్ల అయితే తిప్పినప్పుడల్లా కాయ గిర్రున తిరిగి ఒకవైపే మాడుతుంది. కొంచెం నూనె రాసి పెద్ద మంట మీద ఏడెనిమిది నిమిషాలు, అక్కడక్కడ నల్ల మచ్చలు పడగానే దించి ఉప్పు, కారం, నిమ్మరసం. జిగురు జాడే ఉండదు. బెండకాయంటే మొహం తిప్పుకునే మావాడి స్నేహితులు నిలబడి పుల్లలు ఖాళీ చేశారు.

మొక్కజొన్న పొత్తులకి నేను చెప్పేదేముంది, మన రోడ్ల పక్కన బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్క ఉప్పుకారంలో అద్ది రుద్దుతారే, అదే. మెక్సికన్ల మొక్కజొన్న పొత్తు ఎలోటేలోనూ నిమ్మ, కారం ఉంటాయి కానీ మయొనైజ్, చీజ్ కూడా పూస్తారు, అవి లేకుండానే రుచి.

మయొనైజ్ కలిపిన క్యాబేజీ సలాడ్, అదే కోల్‌స్లా, మానేయమంటాను. క్యాబేజీ సన్నగా తరిగి వెనిగర్, ఆవపొడి, పచ్చిమిర్చి కలిపితే తేలిగ్గా ఉంటుంది. వడపప్పు చేస్తే పెసరపప్పు, కీరా, మామిడి తురుము కలిపి పెట్టుకోండి, ఉప్పు మాత్రం వడ్డించే ముందే వేయాలి, లేదంటే నీళ్లూరి చప్పగా అయిపోతుంది. ఏది చేసినా కూలర్‌లో ఐస్ మధ్య ఉంచండి. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, బయట గంటకు మించి ఉన్న వంటకం పారేయాలని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది, సెప్టెంబర్‌లో మాకు 90 దాటడం మామూలే. శనగల గుగ్గిళ్లకీ అదే లెక్క, మనం చేసిందని మినహాయింపు లేదు.

అక్టోబర్‌లో అమ్మ మళ్లీ వస్తోంది. బీన్స్‌లో బేకన్ వేసేవాళ్లు వేసుకోండి, కానీ గిన్నె మీద ఒక చీటీ అంటించండి, ప్లీజ్.