బావగారి చేతికర్ర

తలకోన వెళ్దామన్నది మా బావగారే. ముప్పై ఏళ్ళు తిరుపతిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ భాకరాపేట ఘాట్ దాటని మనిషికి, రిటైరైన మూడో నెలలో అడవి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అక్క, నేను, మా వాడు ఆ ప్రేమకి సాక్షులం.

సంక్రాంతి వెళ్ళాక వెళ్ళాం కాబట్టి జనం లేరు, నీళ్ళూ పెద్దగా లేవు. 270 అడుగుల జలపాతం అని దారంతా ఊరించిన ఆయన, సన్నగా జడ అల్లినట్టు జారుతున్న ఆ ధార ముందు నిలబడి, "ఎత్తు చూడాలి, నీళ్ళు కాదు" అని మమ్మల్నే సముదాయించారు. అయితే ఆయనకి అసలు సరదా ఎర్రచందనం మీద. శేషాచలం అంటేనే అది కదా, ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. అందుకని కనబడిన ప్రతి చెట్టుకీ ముక్కు ఆనించి వాసన చూడటం, "ఇది కాదు, ఎర్రచందనమైతే గుప్పుమనాలి" అనడం. ఒక చెట్టు మీద చీమలుండటంతో ఆ కార్యక్రమం ఆగింది.

కొండెక్కే ముందు సిద్ధేశ్వరుడి గుడి దగ్గరే ఆయనకొక కర్ర దొరికింది. చెట్టుకి ఆనించి ఉంది. నున్నగా, సరిగ్గా చేతికి అందే ఎత్తులో. "చూశావా, అడవితల్లి మనకోసమే పెట్టింది" అన్నారు. అడవితల్లి కర్రని అంత నున్నగా చెక్కి ఎందుకు పెడుతుందని నాకు అనుమానం వచ్చింది గానీ, బావగారితో వాదించే అలవాటు మా ఇంట్లో లేదు.

తిరిగొస్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. డిక్కీ తీయమన్నారు, తీశాం. ఆ కర్ర పడుకుని ఉంది.

"ఏం కట్టె సార్ ఇది?"

"ఎర్రచందనం మాత్రం కాదు" అన్నారు బావగారు, ఎవరూ అడక్కుండానే. గార్డు అప్పుడు నిజంగా ఆసక్తిగా చూశాడు. "కావాలంటే వాసన చూడండి, అసలేమీ రాదు!"

"ఎర్రచందనానికి వాసన ఉండదు సార్. వాసనొచ్చేది మంచిగంధం."

నాకు చెమట పట్టింది. బావగారు తడబడి, ఎక్కడో చదివిన ముక్క పట్టుకుని, అది నీళ్ళలో మునుగుతుందిగా, డ్రమ్ములో వేసి చూడమన్నారు. వేశారు. తేలింది. హమ్మయ్య అనుకునేలోపు ఆయన ఉత్సాహం కొద్దీ తాళంచెవితో గీకి "లోపలంతా తెలుపే!" అని చూపించారు.

"పైన తెలుపే ఉంటది సార్, ఎరుపు చేవలో ఉంటది" అన్నాడు గార్డు, నవ్వాపుకుంటూ. అతనికి మొదట్లోనే తెలిసిపోయిందని ఇప్పుడనిపిస్తోంది. "దీనికి అసలు చేవే లేదులెండి."

"పట్టుకున్నాయనకి మాత్రం ఉందా" అంది అక్క కార్లోంచి.

ఏ కట్టె అయినా ఈ అడవిలోంచి పుల్ల కూడా బయటికి పోకూడదని అతను చెప్తుండగానే, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచొస్తున్న ఒకావిడ డ్రమ్ము దగ్గర ఆగిపోయింది.

"ఏం సామీ, అది నా కట్టె! పొద్దున్నించి ఎతకతా ఉండా!"

గుడి దగ్గర బొరుగులు, ఉడకేసిన చెనిక్కాయలు అమ్ముతుందట. ఆ కర్ర కోతుల్ని తోలడానికి. ఇలా పక్కకెళ్ళి వచ్చేసరికి కర్ర లేదు, కర్ర లేదని కోతులకి తెలిసిపోయింది, బుట్టలో సగం వాటి పాలైంది. స్మగ్లింగ్ కేసు కాస్తా కర్ర దొంగతనంగా మారింది. చీరాల వెళ్ళినా చీర బేరమాడకుండా కొనని మా బావగారు నోరెత్తకుండా మూడొందలు ఇచ్చారు. ఆవిడ డబ్బు కొంగున కట్టుకుని, కర్ర తుడుచుకుని, ఆయన్ని కోతిని చూసినట్టే చూసి వెళ్ళిపోయింది.

భాకరాపేట దాకా కార్లో ఎవరం మాట్లాడలేదు. అక్కడ మా వాడు జేబులోంచి ఏదో తీశాడు. గుండ్రంగా, చిన్న అప్పడంలా పల్చగా, మధ్యలో ఉబ్బుగా ఉన్న ఎండుకాయ. "మామయ్యా, దారిలో దొరికింది, ఇదేం చెట్టుది?"

బావగారు దాన్ని అందుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒకసారి పీల్చారు. మళ్ళీ పీల్చారు. మొహం పాలిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"వాసన రావట్లేదురా" అన్నారు గొంతు తగ్గించి. "బండి కొంచెం స్పీడుగా పోనీ."