ఫోన్ దిద్దిన రంగు, ఫోన్ మింగిన శబ్దం

పెళ్లికూతురికి పసుపు రాసి మంగళస్నానం చేయించినప్పుడు ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒకసారి తెరిచి చూడండి. చెంపలు, చేతులు, చీర, పీట అన్నీ పసుపుతో నిండిపోయి ఉండాలి. చాలా ఫొటోల్లో ఆ పసుపు పలచబడి మీగడ రంగుకు దిగిపోయి ఉంటుంది, పెళ్లికూతురి ముఖం పాలిపోయి కనిపిస్తుంది. ఫోన్ ఖరీదైనదే, తీసింది పట్టపగలే, చెయ్యీ కదల్లేదు. అయినా అంతే.

ఇది ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పని. బల్బు వెలుగు పసుపుగా ఉంటుంది, చెట్టు నీడలో వెలుగు కాస్త నీలంగా ఉంటుంది. మన కన్ను వీటికి దానంతటదే సర్దుకుంటుంది. కెమెరా మాత్రం లెక్క వేసుకోవాలి. ఫ్రేములో ఒకే రంగు మరీ ఎక్కువగా ఉంటే అది వస్తువుల రంగు అయివుండదు, వెలుగు రంగే అయివుంటుందని ఆ లెక్క అనుకుంటుంది. దాన్ని విరిచెయ్యడానికి నీలం పెంచుతుంది. ఈ మధ్య మా బంధువుల పెళ్లిలో షట్టర్ నొక్కి వెంటనే గ్యాలరీ తెరిచాను. ఒక్క క్షణం పసుపు నిండుగా ఉంది. అంతలో ప్రాసెసింగ్ చక్రం తిరిగి ఆగింది. కళ్లముందే రంగు తగ్గింది, ముఖం ఒక మెట్టు తెల్లబడింది. పక్కనే ఉన్న పెళ్లికూతురి మేనత్త తొంగిచూసి, "అదేంట్రా, పసుపంతా కడిగేసినట్టుందే" అంది.

గుంటూరు మిర్చి యార్డులో ఎండుమిర్చి రాశులు తీసినా ఇలాంటి చిక్కే వస్తుంది, కారణం మాత్రం వేరు. అక్కడ ఎరుపు మోతాదు మించిపోయి, కాయ కాయకూ మధ్య ఉండే తేడా చెరిగిపోతుంది. రాశి మొత్తం ఒకే ఎర్రటి ముద్దగా వస్తుంది.

ఫోన్ కెమెరాల మీద నా అభ్యంతరం ఒక్కటే. ఏది లోపమో ఫోనే తేల్చుకుని, మనల్ని అడగకుండా సరిచేస్తోంది. ఆ తీర్పులో మన రంగులు, మన చర్మఛాయ, మన వాద్యాల నాదం తరచూ లోపాల పట్టికలోకే వెళ్తున్నాయి. రంగుల గురించి ఈమధ్య కొంత చర్చయినా జరుగుతోంది. శబ్దం గురించి దాదాపు ఎవరూ మాట్లాడటం లేదు, నాకు ఎక్కువ బాధ అక్కడే.

సాఫ్ట్‌వేర్ చేసిన మేలు చిన్నదేమీ కాదు. ఫోన్ సెన్సర్ చాలా చిన్నది, దాని మీద పడే వెలుగే తక్కువ. గూగుల్ 2013లో తన నెక్సస్ ఫోన్లలో తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్, ఒక ఫొటోకు బదులు గబగబా చాలా ఫొటోలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి కలుపుతుంది. దాంతో చీకటి భాగాల్లో చుక్కలు చుక్కలుగా కనిపించే మచ్చ తగ్గుతుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో చీకట్లో ఫొటోలు తీసే నైట్ సైట్ వచ్చింది, 2019లో ఐఫోన్ 11తో ఇలాగే ఫొటోలను కలిపే డీప్ ఫ్యూజన్ వచ్చింది. గర్భగుడి బయట దీపాల వెలుగులో, కరెంటు పోయిన ఇంట్లో ఇవాళ ఫొటో వస్తోందంటే ఈ లెక్కల పుణ్యమే.

ఉన్న వెలుగును కూడబెట్టడం వేరు, లేనిదాన్ని ఊహించి నింపడం వేరు. 2023 మార్చిలో ఒక వ్యక్తి చంద్రుడి బొమ్మను కావాలనే మసకబార్చి కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, దూరం నుంచి శాంసంగ్ గెలాక్సీ ఫోన్‌తో జూమ్ చేసి తీశారు. తెర మీద లేని గుంతలు ఫొటోలో వచ్చాయి. ఫ్రేములో ఉన్నది చంద్రుడని గుర్తించి వివరాలను మెరుగుపరిచే ఏఐ తమ కెమెరాలో ఉందని కంపెనీ ఆ తర్వాత వివరించింది. చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు కాబట్టి అక్కడ నష్టం తక్కువ. మనిషి ముఖం దగ్గరికి వచ్చేసరికి ఇదే ధోరణి ప్రమాదం అవుతుంది.

ఫొటోగ్రఫీకి ఈ జబ్బు పాతదే. ఫిల్మ్ రోజుల్లో ప్రింట్లు వేసే ల్యాబులకు కొడాక్ కంపెనీ షర్లీ కార్డులు పంపేది. వాటి మీద తెల్లజాతి మహిళ ఫొటో ఉండేది. ఆమె చర్మం సరిగా వస్తే మిగతా రంగులన్నీ సరిగా వచ్చినట్టే లెక్క. నల్లటి ఒళ్లున్నవాళ్లు, తెల్లటి ఒళ్లున్నవాళ్లు ఒకే ఫొటోలో నిలబడితే నల్లటివాళ్ల ముఖకవళికలు చీకట్లో కలిసిపోయేవి. ముదురు గోధుమరంగు చాక్లెట్లలో తేడా తెలియడం లేదని మిఠాయి కంపెనీలు, కలపలో తేడా తెలియడం లేదని ఫర్నిచర్ తయారీదారులు గోల పెట్టాకే ఫిల్మ్‌ను మార్చే పని ఊపందుకుందని కొడాక్‌లో పనిచేసిన వాళ్లే తర్వాతి రోజుల్లో చెప్పారు. అన్ని ఛాయల మనుషులున్న కార్డు 1990ల మధ్యలో గానీ రాలేదు.

డిజిటల్‌లో ఆ పక్షపాతం కొత్త వేషంలో వచ్చింది. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరా తెరిచేసరికి బ్యూటీ మోడ్ అప్పటికే ఆన్‌లో ఉంటుంది. చర్మం నునుపు చేస్తుంది, ఒక పాలు తెల్లగా చేస్తుంది, ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంటే దాన్నీ మసకబారుస్తుంది. గూగుల్ 2020లో తన పిక్సెల్ ఫోన్లలో ముఖం దిద్దే ఆప్షన్‌ను డిఫాల్ట్‌గా ఆఫ్ చేసింది. 2021లో పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ పేరుతో అన్ని చర్మఛాయలూ ఉన్నవి ఉన్నట్టు రావడానికి పని మొదలుపెట్టింది. 2022లో హార్వర్డ్ ఆచార్యుడు ఎల్లిస్ మంక్ రూపొందించిన పది ఛాయల కొలమానాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది. మంచి అడుగులే. కానీ మన ఊళ్లలో జనం చేతుల్లో ఉన్నవి ఎక్కువగా పిక్సెల్ ఫోన్లు కావు.

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ముఖం దిద్దే బ్యూటీప్లస్, యూకామ్ మేకప్, స్వీట్ సెల్ఫీ లాంటివి కూడా ఉన్నాయి. అదే ఏడాది ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేశారు. యాప్‌లు పోయాయి, క్రీము పేరు మారింది. తెల్లబరిచే మీట మాత్రం ఫోన్ కెమెరాలోనే కూర్చుంది. దాని దెబ్బ ఎవరి మీద పడుతోందో పెళ్లి సంబంధాలు చూస్తున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. చామనఛాయ అమ్మాయి తన ఫోన్‌తో మామూలుగా తీసుకున్న ఫొటో పంపుతుంది, ఏ ఫిల్టరూ వెయ్యదు. పెళ్లిచూపులయ్యాక అవతలివాళ్లు "ఫొటోలో ఉన్నంత రంగు లేదు" అంటారు. మోసం చేసింది ఆ పిల్ల కాదు. మాట పడేది మాత్రం ఆ పిల్లే.

ఎడిటింగ్ యాప్‌లంటే రంగులు పులిమేవని చాలామందికి చిన్నచూపు ఉంది. నా ఉద్దేశంలో అవి ఇప్పుడు అందుకు సరిగ్గా తిరగబడిన పనికి కావాలి, ఫోన్ చెరిపింది వెనక్కి తెచ్చుకోవడానికి. ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ తీసుకోండి. అందులో వైట్ బ్యాలెన్స్ దగ్గర డ్రాపర్ గుర్తు ఉంటుంది. దాన్ని ఫొటోలో నిజంగా తెల్లగా ఉన్న చోట, పసుపు అంటని పంచె అంచు మీదో సున్నం వేసిన గోడ మీదో పెడితే మిగతా రంగులు చాలావరకు దారిలోకొస్తాయి. సెలెక్టివ్ అనే టూల్‌తో ముఖం మీద వేలు పెట్టి అక్కడి వెలుగు మాత్రమే పెంచవచ్చు, చర్మం రంగు మార్చనక్కర్లేదు. అయితే మామూలు జేపెగ్ ఫొటోలో ఫోన్ ఒకసారి పారేసిన సమాచారం పూర్తిగా తిరిగిరాదు. అన్నీ మనమే సర్దుకునే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు 5500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే అంకె) దగ్గర కట్టిపెట్టి, వీలుంటే రా ఫైలుగా, అంటే ఫోన్ దిద్దని ముడి ఫైలుగా తియ్యడం మేలు. మంగళస్నానం రోజు ఇంట్లో ఒక్కరు ఈ పని చేసినా చాలు.

ఇక శబ్దం. రంగు తేడా వస్తే మేనత్త అయినా గుర్తుపట్టింది. శబ్దంలో ఏం పోయిందో తర్వాత వినేవాళ్లకు తెలిసే దారే లేదు.

ఫోన్ పుట్టింది మాట్లాడుకోవడానికి. అందుకే దాని మైకు వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ మాటను పట్టుకుని మిగతాదంతా తీసెయ్యాలని చూస్తుంది. ఆగకుండా, మారకుండా ఒకే తీరుగా వినిపించేదాన్ని ఫ్యాన్ హోరు కిందో ఏసీ మోత కిందో జమకట్టి తగ్గించేస్తుంది. తంబుర శ్రుతి కూడా సరిగ్గా అలాగే వినిపిస్తుంది కదా! ఆగదు, మారదు. అది ఆగకపోవడమే మన సంగీతానికి ఆధారం.

2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పే టీచర్లందరికీ ఈ సంగతి ఒక్కసారిగా అనుభవంలోకి వచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు పిల్లలకు విజయవాడ, హైదరాబాద్ నుంచి స్కైప్‌లో పాఠాలు చెప్పే టీచర్లకు అంతకుముందే తెలుసు. టీచర్ శ్రుతి పెట్టె పెట్టి షడ్జం అందుకుంటుంది. కొన్ని క్షణాల్లో అవతలివైపు శ్రుతి మాయమవుతుంది. పిల్ల సరళీ స్వరాల్లో ఒక స్వరాన్ని పొడుగ్గా నిలిపితే అది మధ్యలో అల్లాడి సన్నగిల్లుతుంది. పిల్ల గొంతే నిలకడగా లేదని టీచర్ మళ్లీ పాడిస్తుంది. ఇద్దరూ కలిసి పాడదామంటే ప్రతిధ్వనిని తీసేసే ఎకో క్యాన్సిలేషన్ ఒకరి గొంతును కోసేస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ ఉంది, సంగీతం కోసం హై ఫిడెలిటీ మోడ్‌ను 2020లోనే చేర్చారు. అవి ఆన్ చేసుకుంటే పరిస్థితి చాలా మారుతుంది. కానీ సెట్టింగ్స్ లోతుల్లో ఉన్న ఆ మీట గురించి ఎవరో చెబితే తప్ప తెలియదు. ఈలోపు ఎందరు పిల్లలు తమకు శ్రుతి జ్ఞానం లేదనుకుని మానేశారో!

వీడియో తీసినా ఇదే వరస. డప్పు మీద మొదటి దెబ్బ పడగానే ఫోన్ మైకు స్థాయిని ఒక్కసారిగా దించేస్తుంది. ఆ వెంటనే వచ్చే గాయకుడి గొంతు అడుక్కి పోతుంది, మెల్లగా పైకి లేస్తుండగా ఇంకో దెబ్బ పడుతుంది. కథంతా అలా మునుగుతూ తేలుతూ వినిపిస్తుంది. ఒగ్గుకథలో డోలు, తాళాలు, కథకుడి గొంతు మూడూ కలిసి నడుస్తాయి. మూడింట్లో ఏది ముఖ్యమో ఫోన్ తేల్చెయ్యడం ఆ కళ నడకకే విరుద్ధం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు, కోయల వంశగాథలు డోలు మీద గానం చేసే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. ఇలాంటి కళాకారుల దగ్గరికి వెళ్లి రికార్డు చేస్తున్న వాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఫోనే. స్టూడియోలు అక్కడికి వెళ్లవు. ఆ ఫైల్లో కిన్నెర తీగ చివరి కంపనం లేకపోతే, రేపు నేర్చుకోవాలనుకునే కుర్రాడికి అది ఇంకెక్కడా దొరకదు.

ఇయర్‌బడ్స్ పెట్టుకుని వాటి మైకుతో రికార్డు చేసేవాళ్లు ఇంకా ఎక్కువ పోగొట్టుకుంటారు. చాలావాటిలో పాట వినేటప్పుడు బ్లూటూత్ ఒక దారిలో నడుస్తుంది, మైకు ఆన్ కాగానే కాల్స్ కోసం ఏర్పాటు చేసిన దారికి మారిపోతుంది. అక్కడ 8 కిలోహెర్ట్జ్‌కు (ధ్వని ఎంత సన్ననిదో చెప్పే కొలత) పైనున్న ధ్వని పోతుంది, పాత పద్ధతైతే 4 దాటిందల్లా పోతుంది. తాళాల మెరుపంతా ఉండేది ఆ పై భాగంలోనే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఈఎన్‌సీ (చుట్టూ ఉన్న చప్పుడును తగ్గించే ఏర్పాటు), నాలుగు మైకులు అని రాసినవి రోడ్డు మీద కాల్ మాట్లాడటానికి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య అవతలివాళ్లకు మాట వినిపించాలంటే ఆ వడపోత ఉండాల్సిందే. మాటకు పెట్టిన వడపోతలోంచే పాటనూ పంపడం తప్పు.

వేరే దారి లేకపోలేదు. వడపోత లేని శబ్దాన్ని యాప్‌లు నేరుగా తీసుకునే వీలు ఆండ్రాయిడ్‌లో 2016లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచే ఉంది. అన్ని ఫోన్లూ దాన్ని ఇవ్వవు. ఇచ్చే ఫోన్లలో, ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో ఆడియో సోర్స్ కింద అన్‌ప్రాసెస్డ్ ఎంచుకుంటే డప్పు దెబ్బకూ గొంతుకూ మధ్య ఆ ఊగిసలాట తగ్గుతుంది. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ అనే రికార్డింగ్ యాప్ నాణ్యతను, శబ్దంలో ఏదీ పోని లాస్‌లెస్‌కు మార్చుకోవచ్చు, వీడియో కాల్‌లో చుట్టూ ఉన్న శబ్దమంతా పట్టే వైడ్ స్పెక్ట్రమ్ పెట్టుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు వైరు కాలర్ మైకు కథకుడి గొంతును ఎంతో దగ్గరగా పడుతుంది. తీసిన ఫైలును వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే అక్కడ ఇంకోసారి నలుగుతుంది.

ఫొటోల వైపు కూడా గాలి కొంచెం మారుతోంది. గూగుల్‌లో హెచ్‌డీఆర్ ప్లస్, నైట్ సైట్ పనులకు నాయకత్వం వహించిన మార్క్ లెవోయ్ తర్వాత అడోబీకి వెళ్లారు. 2025లో ఆయన బృందం ప్రాజెక్ట్ ఇండిగో అనే ఐఫోన్ కెమెరా యాప్ విడుదల చేసింది. అతిగా దిద్దిన స్మార్ట్‌ఫోన్ పోకడ లేకుండా సహజంగా కనిపించే ఫొటో ఇవ్వడమే దాని ఉద్దేశం. ఫోన్ కెమెరాకు లెక్కలు నేర్పిన మనిషే ఇప్పుడు కాస్త చెయ్యి వెనక్కి తీసుకొమ్మంటున్నారు. దీన్ని నేను చాలా గట్టి సాక్ష్యంగా చూస్తాను.

ఇక్కడ మన తెలుగు టెక్ రివ్యూలు చేసేవాళ్ల మీద పెద్ద బాధ్యత ఉంది. వాళ్లు ఏది చెబితే అది కొనే కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. కొత్త ఫోన్ రాగానే పూలకుండీ, సూర్యాస్తమయం, రాత్రి ఫ్లైఓవర్ తీసి చూపిస్తున్నారు. వీటితో పాటు మిట్టమధ్యాహ్నం తెల్ల చొక్కాలో ఉన్న నల్లటి మనిషి ముఖం తియ్యండి. పసుపు గిన్నె పక్కన చెయ్యి పెట్టి తియ్యండి. బ్యూటీ మోడ్ డబ్బాలోంచి తీసేసరికే ఆన్‌లో ఉందో లేదో, పూర్తిగా ఆఫ్ అవుతుందో లేదో చెప్పండి. శ్రుతి పెట్టె రెండు నిమిషాలు మోగించి రికార్డు చేసి, చివరి పది సెకన్లు జనానికి వినిపించండి. డప్పు కళాకారుడిని పిలిచి, ఆయన శ్రమకు డబ్బిచ్చి, వాయిస్తూ పాడమనండి. ఈ పరీక్షల్లో ఏ ఫోన్ నెగ్గిందో తెలుగులో నాలుగు ఛానళ్లు వరుసగా చెబితే, ఇక్కడ లక్షల ఫోన్లు అమ్ముకునే కంపెనీలు వినక తప్పదు.