వాన లేని రోజు మునిగిన చేను ఏ పట్టికలో ఉంటుంది?

నాకు వరసకు మామయ్య అయ్యే రైతు ఒకాయన సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున పత్తి వేస్తాడు. ఒకసారి ఆయన అడిగిన ప్రశ్నకు నేను రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని కూడా జవాబు చెప్పలేకపోయాను. "అల్లుడా, వాన పడని రోజు మా చేను మునిగింది. ఆ సంగతి సర్కారు కాగితాల్లో ఎక్కడన్నా ఉంటదా?" అన్నాడు. ప్రభుత్వాలు ప్రజల కోసం సమాచారాన్ని బహిరంగం చేశామని చెప్పుకుంటున్న ఈ కాలంలో ఇది తేలిగ్గా తేలవలసిన విషయం. ఎందుకు తేలలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలోది. నది దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, తహసిల్ కచేరీలో మాత్రం అన్నీ మరాఠీలోనే నడుస్తాయి. పంట నష్టం విషయానికి వస్తే, మహారాష్ట్రలో ఒక రెవెన్యూ సర్కిల్‌లో 24 గంటల్లో 65 మిల్లీమీటర్లకు మించి వాన కురిస్తే దాన్ని అతివృష్టి అంటారు, పంచనామాలకు అది ఆధారమవుతుంది. మహావేధ్ పథకం కింద సర్కిళ్లలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు పెట్టారు కాబట్టి వాన లెక్క దొరకడం పెద్ద కష్టం కాదు. మామయ్య చెప్పిన తేదీకి ఆ లెక్క తీస్తే ఆయన మాటే నిజమని తేలింది, ఆ రోజు వాన లేదు. వరదతో మునిగిన పంటకూ సహాయం ఉంటుంది, కానీ వానకు ఉన్నట్టు వరదకు సిద్ధంగా ఉన్న పట్టిక లేదు. అది తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ అధికారి, వచ్చి కళ్లతో చూసి రాయవలసిన విషయం, ఆయన వచ్చేసరికి నీరు దిగిపోయి ఉంటుంది.

నీరు పైనుంచి వచ్చింది. వైన్‌గంగ, వార్ధా కలిసి ప్రాణహిత అవుతాయి. వైన్‌గంగ మీద భండారా జిల్లాలో 33 గేట్ల గోసీఖుర్ద్ ఆనకట్ట ఉంది, దాన్నుంచి ఎంత నీరు వదిలారో చెప్పవలసింది మహారాష్ట్ర. ప్రాణహిత మట్టాన్ని సిరొంచ తాలూకాలోనే ఉన్న టేక్డా దగ్గర కేంద్ర జలసంఘం కొలుస్తుంది. సంగమానికి దిగువన 85 గేట్లతో, 16.17 టీఎంసీల నిల్వకు కట్టిన మేడిగడ్డ బరాజ్ తెలంగాణది, దాని అవతలి కొస మాత్రం మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర ఆనుతుంది. దాని నీటిమట్టం 100 మీటర్లకు మించకూడదని 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. అంటే మామయ్య చేను ఎందుకు మునిగిందో చెప్పాలంటే ఒకే తేదీకి, వీలైతే ఒకే గంటకు, ముగ్గురి అంకెలు పక్కపక్కన పెట్టాలి. ఆ పని చేయబోయినప్పుడే అసలు చిక్కు అర్థమైంది.

మొదటి చిక్కు కొలతలది. తెలంగాణ ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో, నిల్వను టీఎంసీల్లో చెబుతుంది. మహారాష్ట్ర కాగితాల్లో క్యూమెక్కులు (సెకనుకు ఘనమీటర్లు), దలఘమీలు (దశలక్ష ఘనమీటర్లు) కనిపిస్తాయి. లక్ష క్యూసెక్కులంటే సుమారు 2,832 క్యూమెక్కులు, ఒక టీఎంసీ అంటే 28.3 దలఘమీలు. లెక్క తెలిసినవాడికి ఇది చిన్న పని, కానీ అర్ధరాత్రి వాట్సాప్‌లో అంకె చూసి పశువులను విప్పాలా వద్దా అని ఆలోచించేవాడికి కాదు. మట్టం సంగతి ఇంకా తికమక. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు, 2022 జూలైలో అక్కడ నీరు 71.3 అడుగులకు చేరింది. ఆ అడుగులు అక్కడి కొలబద్ద సున్నా నుంచి లెక్కించినవి, మేడిగడ్డ 100 మీటర్లు సముద్రమట్టం నుంచి లెక్కించినవి. అడుగులను మీటర్లలోకి మార్చినంత మాత్రాన ఈ రెంటినీ పోల్చలేం. ఏ సున్నా నుంచి కొలిచారో పట్టిక పైన ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

భూమి లెక్కలోనూ ఇదే తంతు. అవతల ఎకరాలు గుంటలు, ఇవతల సాత్‌బారా అనే భూమి పత్రంలో హెక్టార్లు ఆర్‌లు. అన్నిటికంటే నన్ను ఎక్కువసేపు మోసం చేసింది మాత్రం మనకు బాగా తెలుసనుకునే మాటే. తెలంగాణలో మండలం అంటే జిల్లాలో ఒక భాగం, మహారాష్ట్రలో మహసూల్ మండళ్ అంటే పైన చెప్పిన రెవెన్యూ సర్కిల్, తాలూకాలో ఒక ముక్క. రెండు రాష్ట్రాల వాన పట్టికల్లోని 'మండలం' గడులను కలిపి సగటు తీసి, కాసేపు సంతోషపడి, తర్వాత అంతా చెరిపేశాను.

తెలంగాణను ఇక్కడ మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. 2016లోనే ఓపెన్ డేటా విధానం ప్రకటించి, రాష్ట్రం తన పోర్టల్‌లో మండలాల వారీ రోజువారీ వర్షపాతం, ఉష్ణోగ్రతలు, వాహనాల రిజిస్ట్రేషన్లు వంటివి యంత్రం చదవగలిగే ఫైళ్లుగా పెడుతోంది. కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోయే పాత ఫాంట్ల పీడీఎఫ్‌లతో కుస్తీ పట్టినవాళ్లకు, అను ఫాంట్ల రోజులు గుర్తున్నవాళ్లకు, దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ వాన పట్టిక కాళేశ్వరం ఉన్న మహాదేవ్‌పూర్ మండలంతో ఆగిపోతుంది, దాని తర్వాత ఉన్నది నదే అన్నట్టు. అది రాష్ట్రం తన పరిధిలో చేసిన పని కాబట్టి తప్పుపట్టలేం. కానీ 2012లో కేంద్రం జాతీయ డేటా పంపిణీ విధానం తెచ్చి, అదే ఏడాది జాతీయ పోర్టల్ తెరిచి, 2017లో ఆ సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు కూడా ప్రకటించాక, సరిహద్దు దగ్గర రెండు పట్టికలను కుట్టే బాధ్యత ఎవరిదో మాత్రం ఎవరూ తేల్చలేదు. గేట్ల సంగతి మరీ విడ్డూరం. వరద రోజుల్లో అది మా ఊళ్లకు చేరేది టీవీ స్క్రోలింగులోనో, సెల్‌ఫోన్‌తో తీసిన కాగితం ఫొటోలోనో. రెండేళ్ల తర్వాత ఫలానా తేదీన ఎన్ని గేట్లు ఎంత ఎత్తున తెరిచారని అడిగితే మా దగ్గర మిగిలేది ఎవరో ఒకరి జ్ఞాపకం.

నీటి లెక్కలు సున్నితమైనవి, బయటపెట్టకూడదు అనే వాదన ఒకటి వినిపిస్తుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, సింధు వంటి అంతర్జాతీయ నదుల విషయంలో కేంద్రం ఆంక్షలు పెట్టిన మాట నిజమే. గోదావరి వాటిలో లేదు, కాబట్టి ఆ అడ్డు ఇక్కడ వర్తించదు. అడ్డు అలవాటులో ఉంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగినప్పుడు పరిశీలనకు వచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ సైతం తాను అడిగిన వివరాలన్నీ అందలేదని నివేదికలో రాసుకుంది. చట్టబద్ధ సంస్థ పరిస్థితే అలా ఉంటే, నది ఒడ్డు రైతు దరఖాస్తు గతి ఊహించుకోవచ్చు.

గేట్ల లెక్క దొరికినా దాన్ని ఊరితో ముడిపెట్టడానికి ఊరికి ఒక స్థిరమైన గుర్తు ఉండాలి. మా ఊళ్ల పేర్లు తెలుగువి. అవి మరాఠీలోకి, అక్కడినుంచి ఇంగ్లిషులోకి వెళ్లి వచ్చేసరికి 'పల్లె' 'పల్లీ' అవుతుంది, దీర్ఘాలు మారతాయి, అంకీస, ఆసరెల్లి వంటి పేర్లు ఒక్కో శాఖలో ఒక్కోలా కనిపిస్తాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది, అన్ని శాఖలూ పేరు పక్కన దాన్ని వేస్తే ఈ బెడద సగం తీరుతుంది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోని 14 ఊళ్లలో మాత్రం కోడ్ కూడా తగాదా తీర్చలేదు. వాటిని తెలంగాణ కెరమెరి మండలంలో లెక్కిస్తుంది, మహారాష్ట్ర తనవంటుంది, అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ ఓట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దులో కొటియా ఊళ్లదీ ఇలాంటి కథే. ఇలాంటి చోట రెండు రాష్ట్రాల పట్టికలను కలిపితే మనిషి ఒక్కడే, లెక్కలో ఇద్దరు.

భాష మాటకొస్తే, సమాచారాన్ని స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని అందించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షనే చెబుతోంది. అయితే అన్నీ తెలుగులో పెట్టమని డిమాండ్ చేస్తే సరిపోతుందనుకోవడం మా ప్రాంతం తెలియక అనే మాట. ఇక్కడ చాలామంది పిల్లలు మరాఠీ మీడియంలో చదివినవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. వాళ్లకు కావలసింది తెలుగులో పలికే ఫోను సందేశం, దాన్ని ఎవరైనా తయారుచేయాలంటే ముందు వెనకాల అంకెల ఫైలు సరిగా ఉండాలి.

నేను అడిగేది ఆ ఫైలే. గోసీఖుర్ద్, టేక్డా, మేడిగడ్డ మూడింటి గంటవారీ లెక్క, ఒకే కొలతలో, ఏ సున్నా నుంచి కొలిచారో చెబుతూ, వానాకాలం ముగిశాక చెరిపేయకుండా ఒకేచోట ఉంచాలి. అంకెలు ఇప్పటికే ఎవరో ఒకరు రాసుకుంటున్నవే కాబట్టి దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు.

అప్పటిదాకా మా దగ్గర ఉన్నది మామయ్య పట్టిక. ఆయన పశువుల కొట్టం గోడ మీద నీరు వచ్చిన ప్రతిసారీ బొగ్గుతో గీత గీసి, పక్కన తేదీ వేస్తాడు. 2022 జూలై గీత అన్నిటికంటే పైన, దూలానికి దగ్గరగా ఉంది. మొన్న టేపు తీసుకెళ్లి ఒక్కో గీత ఎత్తు కొలిచి, మీటర్లలో రాసుకుని, కొలతకు గుమ్మం రాయిని సున్నాగా పెట్టుకున్నానని కాగితం పైన ముందుగా రాశాను.