సవరణ: 30 డిగ్రీలు కాదు, 17

మొన్నటి పోస్టులో డాబా మీది సోలార్ ప్యానెళ్లను దక్షిణానికి 30 డిగ్రీలు వాల్చమని రాశాను. తప్పు నాదే. అది ఢిల్లీ వైపు లెక్క. వాలు సుమారుగా ఊరి అక్షాంశమంత ఉండాలి. హైదరాబాద్‌కి 17 చాలు. రెండు మీటర్ల ప్యానెల్‌ని పొడవునా వాలిస్తే పై అంచు కింది అంచుకంటే 58 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది, టేపు పెట్టి చూసుకోండి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లో దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. వాలు ఎక్కువైతే ఆ నెలల్లోనే నష్టం. దక్షిణ దిక్కు మాట మాత్రం సరైనదే. ఇప్పటికే 20కి బిగించినవాళ్లు విప్పక్కర్లేదు, తేడా స్వల్పం. దానికన్నా వాటర్ ట్యాంకు నీడ సంగతి చూడండి. ఒక్క ప్యానెల్ మీద పడినా వరసంతా నీరసిస్తుంది.