"లెక్కలు అందరికీ రావులే" అనే ఓదార్పు వద్దు

పిల్ల లెక్కల పేపర్లో ముప్పయ్యో ముప్పై అయిదో తెచ్చుకుని ఏడుపు మొహంతో ఇంటికొస్తే మా ఒడిశా బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లల్లో వీపు మోగే రోజులు చాలావరకు పోయాయి, సంతోషమే. ఇప్పుడు వినపడేది వేరు. "పోన్లేమ్మా, లెక్కలు అందరికీ వస్తాయేటి, మీ అమ్మకీ రాలేదు నాకూ రాలేదు, మనింట్లోనే లేదది." ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఈ మాట చేసే నష్టం తిట్టు కంటే తక్కువేం కాదు, ఎందుకంటే తిట్టినవాళ్ల మీద పిల్లకి కనీసం కోపమైనా వస్తుంది, ఓదార్చినవాళ్ల మాట మాత్రం నమ్మేస్తుంది.

ఇది నా ఊహ ఒక్కటే కాదు. 2012లో అనీతా రత్తన్, కేథరిన్ గుడ్, కెరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి ఇదే సంగతి పరీక్షించారు. కాలేజీ స్టూడెంట్లని, మీరు కాలిక్యులస్ కోర్సులో ఉన్నారు, మొదటి టెస్టులో 65 శాతం వచ్చింది అనుకోండి అని చెప్పి, కొందరికి మాస్టారి నుంచి ఓదార్పు మాటలు ఇచ్చారు, కొందరికి ఇలా చదువు అలా ప్రాక్టీస్ చెయ్యి అనే సలహాలు ఇచ్చారు. ఓదార్పు విన్నవాళ్లు ఈయనకి మన మీద పెద్ద ఆశ లేదని అర్థం చేసుకున్నారు, కోర్సు ఆఖర్లో వచ్చే మార్కుల్ని కూడా ముందే తగ్గించి అంచనా వేసుకున్నారు. కాలేజీ వాళ్లకే అలా ఉంటే ఆరో క్లాసు గుంట సంగతి చెప్పాలా!

అసలు లెక్కల భయం అంటే తెలివి లేకపోవడం అని మనవాళ్లు ఒక ముద్ర వేసేశారు. 1972లోనే రిచర్డ్‌సన్, సూయిన్ ఈ భయాన్ని కొలవడానికి ఒక స్కేల్ తయారుచేశారు, అంటే తెలివితో కలపకుండా విడిగా చూడాల్సిన విషయం అని అప్పటికే తెలుసు. 2001లో యాష్‌క్రాఫ్ట్, కర్క్ ఇంకో అడుగు ముందుకెళ్లి, కొన్ని అక్షరాలు మనసులో గుర్తుపెట్టుకుంటూనే ఒకటి చేతిలో ఉంచుకుని కలిపే కూడికలు చెయ్యమంటే భయం ఉన్నవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని చూపించారు. కారణం ఏంటంటే అంకెల్ని పట్టుకోవాల్సిన వర్కింగ్ మెమరీలో కొంత చోటు "తప్పు పోతే ఎలా" అనే గోలే తినేస్తుంది. ఇంకా విచిత్రం, 2012లో లయన్స్, బైలాక్ మెదడు స్కానింగుల్లో చూసింది: బాగా భయపడేవాళ్లకి నొప్పికి సంబంధించిన భాగాలు చురుగ్గా అయింది లెక్క చేస్తున్నప్పుడు కాదు, లెక్క రాబోతోందని తెలిసి ఎదురుచూస్తున్నప్పుడు. లెక్కల పీరియడ్ ముందు కడుపునొప్పి అనే పిల్లాడిని నాటకం అనేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

మా బోర్డర్ జిల్లాల్లో దీని మీద ఇంకో బరువు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యి గంజాం ఇటు వచ్చాక ఇళ్లల్లో తెలుగు అలాగే ఉంది, బడి మాత్రం ఒడియా. తెలుగులో ఇరవై తొమ్మిది అంటే ఇరవై, దాని మీద తొమ్మిది, వింటేనే రాసేయొచ్చు. ఒడియాలో 29 అణతిరిశ, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 25 పచిశ, 50 పచాశ, రెండూ చెవికి దాదాపు ఒకటే. మా వీధిలో సాయంత్రం అరుగు మీద ట్యూషన్ నడుస్తుంది, అక్కడ మూడో క్లాసు కుర్రాడొకడు కూర్చున్నాడు. గురుమా (టీచరమ్మ) "అణతిరిశ" అని డిక్టేషన్ చెప్పింది, వీడు తిరిశ విని 3 వేసేసి, ఆగి, పక్కవాడి పలక వైపు ఓరగా చూసి, బొటనవేలితో చెరిపేసి మళ్లీ 3 వేశాడు, ఈలోపు గురుమా తర్వాతి నంబర్‌కి వెళ్లిపోయింది. లోపల చిక్కుళ్లు ఈనెలు తీస్తున్న నాయనమ్మ "ఇరవై తొమ్మిదిరా బాబూ" అని కేకేసింది. టక్కున రాసేశాడు. ఆ పక్కన ఐదారు లెక్కల్లో వాడికి వచ్చిన మార్కులు చూస్తే ఎవరైనా లెక్కల్లో వీక్ అనే అంటారు, వాడికి రానిది లెక్కేనా మరి?

మహారాష్ట్ర వైపు సిరొంచా తెలుగు ఇళ్లల్లోనూ ఇదే కథ, మరాఠీలో 49ని ఏకోణపన్నాస అంటారు, అదీ యాభైకి ఒకటి తక్కువే. 2019లో అక్కడి సర్కారు పుస్తకాల సంస్థ బాలభారతి రెండో క్లాసు లెక్కల పుస్తకంలో ఏకవీస బదులు వీస ఎక అని, అంటే మన ఇరవై ఒకటి లాగే, చదివే పద్ధతి పెడితే ఎంత గొడవ అయిందో! కమిటీకి ముందున్న గణిత శాస్త్రవేత్త మంగళా నార్లీకర్ పిల్లలకి సులువవుతుందని సమర్థించారు. మరాఠీ ఇంట్లో పుట్టిన పిల్లలకే అది కష్టం అని ఒక రాష్ట్రం ఒప్పుకుంటే, తెలుగు ఇంటి పిల్లాడికి ఎంత కష్టమో ఎవరూ అడగలేదు. (గజపతి జిల్లా సవర పిల్లలకైతే మన తెలుగు కూడా పరాయిదే, వాళ్ల ముందు మన ఫిర్యాదు చిన్నది.)

ఇక "మనింట్లో లేదది" అనే మాట. ఆ మాట అనే అమ్మే మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో పొదుపు ఎంత, అప్పు ఎంత, నూటికి రెండు చొప్పున మూడు నెలల వడ్డీ ఎంత అని నోటితోనే తేల్చేస్తుంది, పైసా తేడా రానివ్వదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం 2025లో నేచర్ పత్రికలో ఇదే చెప్పింది: కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరం లెక్కలు చకచకా చేస్తారు, అదే బడి పద్ధతిలో అడిగితే తడబడతారు, బడికి మాత్రమే వెళ్లే పిల్లలకి బేరం లెక్కలు రావు. రెండింటి మధ్య వంతెన వెయ్యడం బడి పని, అది వెయ్యకుండా ఇంటి రక్తం మీదకి తోసేస్తే ఎలా?

మరి అమ్మానాన్నలు పక్కన కూర్చుని హోంవర్క్ చేయించాలా? ఇక్కడ కొంచెం ఆగాలి. 2015లో మలోనీ వాళ్ల అధ్యయనంలో, లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేస్తే పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, భయం కూడా పెరిగింది. సాయం తక్కువగా చేసిన చోట ఆ నష్టం కనపడలేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, రాత్రి పడుకునేముందు కథలాంటి చిన్న లెక్కని పిల్లలతో కలిసి చదివి మాట్లాడుకున్న ఇళ్లల్లో, ముఖ్యంగా భయస్తుల పిల్లలే, బాగా మెరుగయ్యారు. కాబట్టి ఒడియా పుస్తకం చదవడం రాని అమ్మ గైడు పట్టుకుని కుస్తీ పడక్కర్లేదు, వడ్డీ లెక్క తెలుగులో పిల్లతో కలిసి వేస్తే చాలు, అది పిల్ల ఒడియాలో రాసుకుంటుంది.

పొగడ్త సంగతీ చెప్పాలి. "నువ్వు బ్రెయిన్‌వి రా" అనే పొగడ్త మీద 1998లోనే మ్యూలర్, డ్వెక్ హెచ్చరించారు, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిల్ తగిలితే త్వరగా చేతులెత్తేశారు, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్లు పట్టుదలగా ఉన్నారు. అలాగని గోడ మీద "నేను చేయగలను" పోస్టర్ అంటిస్తే పని అయిపోదు, 2019లో అమెరికాలో తొమ్మిదో క్లాసు పిల్లల మీద చేసిన పెద్ద ప్రయోగంలో కూడా, కష్టపడితే తెలివి పెరుగుతుంది అనే ఆలోచన నేర్పడం వల్ల వచ్చిన లాభం చిన్నదే. నాకు పనికొచ్చేదిగా కనిపించే ప్రోత్సాహం ఒకటే, పిల్ల పక్కన కూర్చుని "ఎక్కడ ఆగిపోయావు, చూపించు" అని అడగడం. ఆగిన చోటు గుణకారంలోనో, ప్రశ్నలోని ఒడియా మాటలోనో తెలిసిపోతుంది, అప్పుడు సరిచేయొచ్చు.

సీబీఎస్ఈ బడుల్లో 2020 పరీక్షల నుంచి పదో క్లాసు లెక్కలకి బేసిక్, స్టాండర్డ్ అని రెండు పేపర్లు వచ్చాయి. ప్లస్ టూలో మ్యాథ్స్ వద్దనుకునేవాళ్లకి బేసిక్ మంచి వెసులుబాటే. కానీ ఆ టిక్కు పిల్ల పెడుతోందా, ఇంట్లో ఏళ్ల తరబడి విన్న ఓదార్పు పెట్టిస్తోందా అన్నది నా అనుమానం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఫారం నింపేముందు ఆ పిల్లకి పోయిన ఏడాది ఏ చాప్టర్ ఎందుకు రాలేదో ఒక్కసారైనా ఎవరైనా అడిగారా?